పెద్దబంద నీళ్ళు ఎటు పోయాయి

నీలంపేటలో సోములుని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ అతను మదుము మావ. ఊరికి పడమట కొండల కింద పెద్దబంద ఉంది. చెరువుని బంద అనడం ఈ వైపు అలవాటు. ఆ బంద గట్టు కింద రాతితో కట్టిన తూముని మదుము అంటారు. దాని చెక్క తలుపు ఎత్తడం, దించడం మూడు తరాలుగా సోములు ఇంటివాళ్ళ పని. ఎవరి మడికి ముందు, ఎవరి మడికి వెనక, ఎంతసేపు వదలాలి, ఎప్పుడు కట్టాలి అన్నదానికి అతను చెప్పిందే మాట. కోతలయ్యాక ప్రతి రైతూ తన పొలం నుంచి ఒక మోపు వరి తెచ్చి అతని కళ్ళంలో వేసి పోతాడు. ఇవ్వమని అతను ఎప్పుడూ అడగలేదు, ఇవ్వనని ఎవరూ ఎప్పుడూ అనలేదు.

మనిషి సన్నగా, ఎండిన చింతబరికెలా ఉంటాడు. అరవై మూడేళ్ళు. గట్టు మీద చెప్పులు వేసుకోడు. భక్తితో కాదు, అరికాలికి తెలియాలని. గట్టు ఎక్కడ మెత్తబడిందో, ఎక్కడ పీత బొరియ చేసిందో అతని పాదానికి తెలిసినంత మరొకరి కంటికి తెలియదు. మదుము పక్కన రాతికి పదకొండు మెట్లున్నాయి. నీళ్ళు ఏ మెట్టు మీద ఉన్నాయో చూసి, బంద ఫలానా పండక్కి ఇన్ని రోజుల ముందు అడుగంటుతుందని ఆగస్టులోనే చెప్పేవాడు. రెండు రోజులు అటో ఇటో తప్ప ఆ మాట తప్పేది కాదు. వాన కబురు టీవీలో వినేవాళ్ళు కూడా నీళ్ళ కబురు మాత్రం సోములు నోటే వినాలనుకునేవారు. ఈ సంగతి అతనికీ తెలుసు. లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఉంటే తప్పేముంది? అంతకంటే చిన్న విషయాలకి గర్వపడేవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు!

అలాంటి మనిషి మాట ఒక ఏడాది తప్పింది. తప్పడం కూడా మామూలుగా తప్పలేదు.

రెండేళ్ళ కిందటి వేసవిలో బంద పూర్తిగా ఎండిపోయింది. వరసగా మూడో ఏడాది వానలు మొహం చాటేశాయి. మెట్ట మీద జీడిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఊళ్ళో పెద్ద రైతు జగన్నాధం. ఏ పంచాయితీ జరిగినా కుర్చీ ముందు అతనికే వేస్తారు. బంద లోతు చేయిద్దామన్నది అతనే. లోతు పెరిగితే నీళ్ళు ఎక్కువ పడతాయి, తీసిన ఒండుమట్టి పొలాలకి ఎరువవుతుంది. ఇందులో కాదనడానికి ఎవరికీ ఏమీ కనిపించలేదు. పొక్లెయినర్ వచ్చింది, ట్రాక్టర్లు బారులు తీరాయి. ఎక్కడ తవ్వాలో చూపించింది మాత్రం సోములే. బంద నడిమధ్య ఒకచోట నల్లమట్టి వెన్నలా ఉంటుందని అతనికి చిన్నప్పట్నుంచి తెలుసు. అక్కడ నిలువెత్తు దిగాక నల్లమట్టి అయిపోయి, కింద తెల్లగా గులకరాళ్ళు కనిపించాయి. ఆపేయనా అని డ్రైవరు అడిగాడు. ఇంకో రెండు బకెట్లు తియ్యమన్నాడు సోములు.

అక్టోబరులో తుపాను పట్టింది. రెండు రోజులు ఏకధాటిగా కురిసింది. కొండల మీంచి వాగులు, ఇక్కడి మాటలో గెడ్డలు, అన్నీ ఎర్రగా పొంగి వచ్చి బందలో పడ్డాయి. మూడో రోజు వాన వెలిసేసరికి నీళ్ళు పదకొండో మెట్టు తాకుతున్నాయి. ఊరు ఊరంతా గట్టెక్కి చూసింది. వరి పొట్ట మీద ఉంది. మరో నాలుగు తడులు పడితే గింజ గట్టిపడుతుంది. ఇక కోతల దాకా బెంగ లేదని సోములు చెప్పాడు. ఆ మాట విని అందరూ నిశ్చింతగా ఇళ్ళకి పోయారు.

మర్నాడు పొద్దున్నే అతను వెళ్ళేసరికి నీళ్ళు పదో మెట్టు మీద ఉన్నాయి. మదుము తలుపు దించింది దించినట్టే ఉంది. ఆ మర్నాటికి తొమ్మిదో మెట్టు. గట్టు తెగిందేమోనని ఈ చివర నుంచి ఆ చివర దాకా అడుగులో అడుగు వేసుకుంటూ నడిచాడు. వెనకవైపు ఎక్కడా చెమ్మ లేదు. మదుము సందుల్లో గడ్డి కూరి మట్టి మెత్తాడు. ఎనిమిదో మెట్టు. పీత బొరియలన్నీ వెతికి పూడ్చాడు. ఏడో మెట్టు. పన్నెండో రోజుకి బందలో బురద మిగిలింది, ఆ బురదలో కొంగలు మిగిలాయి. పొట్ట మీదున్న వరి పొట్టలోనే ఎండిపోయింది.

జనం ముందు ముక్కున వేలేసుకున్నారు, తర్వాత నోరు విప్పారు. మదుము మావకి వయసు మీద పడిందన్నారు. తలుపు సరిగ్గా దించలేదన్నారు. మొహం మీద అననివాళ్ళు వీపు వెనక అన్నారు. ఆ ఏడు అతని కళ్ళంలో మోపు పడలేదు. పడడానికి ఎవరి చేలోనూ వరి లేదు. సోములుకి తలకొట్టేసినట్టయింది. భార్య అసిరమ్మ కంచం ముందు కూర్చోబెడితే నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు.

బురద ఆరాక అతను బందలోకి దిగాడు. నడిమధ్య గొయ్యి దగ్గరికి వెళ్ళి చూస్తే చుట్టూ తడి ఉంది గానీ గోతిలో చుక్క లేదు. అడుగున గులకరాళ్ళు ఎవరో కడిగి ఆరబెట్టినంత శుభ్రంగా ఉన్నాయి. నీళ్ళు ఎటు పోయాయో అప్పుడు తెలిసింది. కిందికి పోయాయి. మూత తీసింది తనే. ఒక రాయి చేతిలోకి తీసుకున్నాడు. కోడిగుడ్డంత ఉంది, తెల్లగా, నడుమ సన్నటి ఎర్ర జీరతో. అంచు అన్నది లేకుండా గుండ్రంగా ఉంది. పారే నీటిలో ఏళ్ళ తరబడి దొర్లితే తప్ప రాయికి ఆ నునుపు రాదు. కొండ కింద, నిలువెత్తు మట్టి అడుగున, పారిన గెడ్డలో దొర్లిన రాయి ఎందుకుంది? ఆ రాయిని మొలలో దోపుకుని ఇంటికి పోయాడు.

వేరేవాడైతే తప్పు తెలిసింది కదా అని తల దించుకుని ఊరుకునేవాడు. సోములుకి అది చేత కాలేదు. అన్ని నీళ్ళు మాయమైపోవు, ఎక్కడికో చేరే ఉంటాయని అతని నమ్మకం. మర్నాటి నుంచి కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరిగాడు. తూర్పువైపు ఏ నుయ్యి కనబడితే ఆ నూతిలోకి తొంగి చూశాడు. నీళ్ళేమైనా పెరిగాయా అని కనబడినవాళ్ళనల్లా అడిగాడు. పారేసుకున్న గొడ్డుని వెతుక్కున్నట్టు నీళ్ళు వెతుక్కుంటున్నాడని జనం నవ్వారు.

ఆరో రోజున రాళ్ళవలస చేరాడు.

నీలంపేటకి తూర్పుగా కోసు దూరంలో, ఒక మిట్ట దాటాక ఉంటుంది రాళ్ళవలస. పేరుకి తగ్గ ఊరే. ఎర్రనేల వానకి కోసుకుపోయి గుంటలు పడింది. గాలి లేస్తే ఇసక ఎగిరి వచ్చి గడపల్లో పడుతుంది. ఒకప్పుడు చోళ్ళూ, అంటే రాగులూ, నువ్వులూ పండిన చేలు ఇప్పుడు తుమ్మకంపకి కూడా పనికిరావు. అరవై గడపల్లో నలభైకి తాళాలే. వాళ్ళంతా మేస్త్రీల వెంట చెన్నై, విశాఖపట్నం పోయి కట్టడం పనులు చేసుకుంటున్నారు. మిగిలినవాళ్ళు రెండు మూడు గేదెలని నమ్ముకుని, పాలు అమ్ముకుని బతుకుతున్నారు. ఆ గేదెలకి నీళ్ళు పెట్టాలంటే అరకోసు అవతల బోరింగు దగ్గరికి తోలుకుపోవాలి.

అక్కడ గున్నమ్మ ఎదురైంది. సోములుకి దూరపు చుట్టం, వరసకి మరదలు. యాభై అయిదేళ్ళ మనిషి, మొగుడు పోయి చాలాకాలమైంది, రెండు గేదెలే ఆమె సంసారం. ఎక్కడికి బయల్దేరావని అడిగింది. పోయిన నీళ్ళు వెతుక్కుంటున్నానని నిజమే చెప్పాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"బావ, నువ్వు ఎవరికీ సెప్పనంటే ఒకటి సూపిస్తాను. దిష్టి తగిలి ఎల్లిపోతాదేమోనని బయమేస్తన్నాది."

ఇంటి వెనక పాడునుయ్యి ఉంది. ఆమె మావగారి తాతల నాటిది, అరవై అడుగుల లోతు. గున్నమ్మ కాపురానికి వచ్చేనాటికే ఎండిపోయి, అడుగున రాయి తేలి ఉంది. పిల్లలు పడిపోతారని తాటిదుంగలు అడ్డం వేశారు. గున్నమ్మ ఒక దుంగ పక్కకి జరిపి, చూడమంది.

సోములు వంగి చూశాడు. ఊహించనంత పైన నీళ్ళున్నాయి. ఇరవై అడుగులు కూడా దిగక్కర్లేదు. ఆకాశం ముక్క అందులో తేటగా కదులుతోంది, దాని మధ్య తన మొహం. పడమటి గోడ రాళ్ళ సందులోంచి సన్నగా, ఆగకుండా ఊట దిగుతోంది. ఆ చప్పుడు ఎంత చిన్నదంటే ఊపిరి బిగబట్టి వినాలి. పన్నెండు రోజుల్లో తన కళ్ళముందు మాయమైపోయిన బంద, కోసు దూరం భూమి అడుగున నడిచి, మిట్ట కింద నుంచి వచ్చి, ఎవరి కంటా పడకుండా ఇక్కడికొచ్చి కూర్చుంది. జీవితమంతా నీళ్ళతో గడిపినవాడు, నీళ్ళంటే తనకేమీ తెలియదని ఆ నూతి ఒర మీంచి వంగి తెలుసుకున్నాడు. చేతులు జోడించాలో ఏడవాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

కార్తీక పున్నమి వెళ్ళిన మూడోనాడు మొదట చప్పుడు వినిపించిందని గున్నమ్మ చెప్పింది. పాము అనుకుందట. మర్నాడు దుంగ తీస్తే అడుగున తడి. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వచ్చి చూసి, ఉన్నాయని నమ్మకం కుదిరాక వెళ్ళి పాలు పితికేది.

నూతి పక్కన పూర్వం తవ్వినప్పుడు పోసిన రాళ్ళ గుట్ట ఉంది. సోములు మొలలోంచి రాయి తీసి ఆ గుట్ట దగ్గర చతికిలబడ్డాడు. పైన గడ్డి పీకి, రాళ్ళు ఒక్కొక్కటీ తీసి చూశాడు. తెల్లగా, గుండ్రంగా, నడుమ ఎర్ర జీరతో, ఒకటి కాదు రెండు కాదు, గంపలకొద్దీ ఉన్నాయి. ఏ కాలంలోనో కొండల నుంచి తూర్పుకి ఒక గెడ్డ పారింది. తర్వాత అది పూడిపోయింది. మనుషులు దాన్ని మరిచిపోయారు గానీ నీళ్ళు మరిచిపోలేదు. దారి తెరవగానే పాత దారినే పోయాయి.

అప్పుడు గున్నమ్మ ఏదో గుర్తొచ్చి తన అత్త చెప్పే మాట చెప్పింది. అత్త కాలంలో ఈ నుయ్యి ఏడాది విడిచి ఏడాది నిండేదట. ఒక ఏడు నీళ్ళుంటే, మరుసటి ఏడు అడుగంటేది. నుయ్యి పుట్టింటికి పోయింది, వచ్చే ఏడు వస్తుందిలే అనుకునేవారట. ఏదో ముసలామె కబురని తను ఎప్పుడూ పట్టించుకోలేదంది.

ఆ మాట వినగానే సోములు చేతిలో రాయి జారిపోయింది.

అతని చిన్నప్పుడు నీలంపేటలో బంద తొక్కుడు అని ఒకటుండేది. జూన్‌లో మొదటి జల్లులకి బంద నడిమధ్య నీళ్ళు మడుగు కట్టగానే, తండ్రి గంగులు ఊళ్ళో గేదెలన్నిటినీ తోలించి, ఆ ఒక్కచోటే ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా గుండ్రంగా తిప్పేవాడు. వరి మడి దమ్ము చేసినట్టు బురద మెత్తగా, నున్నగా అయ్యేదాకా తొక్కించేవాడు. డప్పులు, బెల్లం పానకం, పిల్లలకి పండగ. కానీ ఆ పండగ ప్రతి ఏడూ జరిగేది కాదు. ఒక ఏడు జరిగితే మరుసటి ఏడు ఉండేది కాదు. ఎందుకు లేదని పిల్లలు అడిగితే ఈ ఏడు బందకి ఆటవిడుపు అనేవాడు గంగులు. ఆ ఏడు నీలంపేటలో వరి వేసేవారు కాదు, పెసలూ నువ్వులూ చల్లేవారు. ఆ ఏడాదే ఇళ్ళలో ఎర్రటి చోళ్ళు కావిళ్ళతో దిగేవి. ఎక్కడివని చిన్నప్పుడు సోములు అడగలేదు. వేడి వేడి చోడంబలి తాగాడు, అంతే.

రెండూళ్ళలో రెండు సగాలుగా మిగిలిన కథ ఆ రాళ్ళగుట్ట పక్కన ఒకటైంది. పెద్దవాళ్ళు భూమి అడుగున నీళ్ళని గేదెల కాళ్ళతో పంచారు. తొక్కితే నీళ్ళు పైన నిలిచి నీలంపేట వరికి, తొక్కకపోతే వేసవిలో బీటలు వారిన మట్టిలోంచి కిందికి దిగి రాళ్ళవలస నూతులకి. చదువు లేదు, కాగితం లేదు, మీటరు లేదు. తన తండ్రి, తన తాత అంత పని చేసి, మీసం మెలేయకుండా పానకం తాగి ఇంటికి పోయారు.

మరి ఎప్పుడు ఆగింది? అది గుర్తుచేసుకోవడమే సోములుకి కష్టమైంది. తనకి ఇరవై రెండేళ్ళప్పుడు గంగులుకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మదుము తన చేతికొచ్చింది. ఆ జూన్ ఆటవిడుపు ఏడాది. కొత్త రకం వరి విత్తనాలు వచ్చాయి, ఈ ఏడు కూడా వరి వేసుకుందాం, తొక్కించమని రైతులు అడిగారు. మంచి పేరు తెచ్చుకోవాలన్న ఉబలాటంలో సోములు గేదెలని తోలించాడు. అదే మొదలు, ఆ తర్వాత ఏటేటా తొక్కించాడు. పదిహేనేళ్ళకి ట్రాక్టర్లొచ్చి గేదెలు తగ్గాయి, తొక్కుడు ఆగింది. అప్పటికే ఒండు దట్టంగా పేరుకుని బంద తనంతట తనే గట్టిపడిపోయింది. పొక్లెయినర్ వచ్చేదాకా ఒక్క చుక్క కిందికి దిగలేదు.

ఇంటికొచ్చి అసిరమ్మ దగ్గర కూర్చుని ఇదంతా చెప్పాడు. ఆ రోజు తను గేదెలతో బయల్దేరుతుంటే తండ్రి నులకమంచం పట్టె మీద అరచేత్తో దబదబా కొట్టాడు. తనూ వస్తానని మారాం చేస్తున్నాడనుకుని అందరూ నవ్వారు. సోములు కూడా నవ్వాడు. అసిరమ్మ అప్పుడు కొత్తకోడలు, మావగారి మంచం దగ్గర ఆమే ఉంది.

"నువ్వు ఎల్లిపోయినాక గోడవేపు తిరిగి ఏడిసినాడు మావ," అంది. "రాలేకపోనానని ఏడుస్తన్నాడనుకున్నాను. నీళ్ళు పట్టి పడుకోబెట్టినాను."

సోములు తల రెండు చేతుల్లో పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు ఊరు తనని నెత్తిన పెట్టుకుంది. ఆ నలభై ఏళ్ళూ తను కాసింది రాళ్ళవలస నోటి దగ్గర లాక్కున్న నీళ్ళు. అక్కడ పడిన ప్రతి తాళం తన చేత్తో వేసినట్టే అనిపించింది.

ఊరుకుంటే ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. కానీ ఊరుకోవడానికి వీల్లేకుండా డిసెంబరులో జగన్నాధం పంచాయితీ పెట్టాడు. గోతిలో ఇనప చువ్వలు పరిచి సిమెంటు వేయించాలి, ఇక జన్మలో చుక్క దిగకూడదు అన్నది అతని మాట. వేసవి దాటేలోపు పని అయిపోవాలన్నాడు. ఎండిపోయిన వరి అందరి కళ్ళలోనూ ఉంది, ఎవరు కాదంటారు? సిమెంటు పడితే గున్నమ్మ నుయ్యి మళ్ళీ ఎప్పటికీ లేవదు. సోములు నోరు విప్పితే నలభై ఏళ్ళ పేరు పోతుంది. రెండింట్లో ఒకటే నిలుస్తుంది.

బడి వరండాలో ఊరంతా కూర్చున్నారు. సోములు లేచి, జగన్నాధం ముందున్న బల్ల మీద రెండు రాళ్ళు పెట్టాడు, ఒకటి బంద గోతిది, ఒకటి రాళ్ళవలస గుట్టది. ఏది ఎక్కడిదో చెప్పమన్నాడు. ఎవరూ చెప్పలేకపోయారు. అప్పుడు మొత్తం చెప్పాడు. నుయ్యి, ఊట, బంద తొక్కుడు, తండ్రి మంచం పట్టె మీద కొట్టడం, ఏదీ దాచలేదు. చెప్పడం అయ్యాక మదుము తలుపు ఎత్తే గడకర్ర తెచ్చి ఆ రాళ్ళ పక్కన పెట్టాడు.

కాసేపు గోల లేచింది. వాళ్ళ నూతుల కోసం మనం వరి ఎండబెట్టుకోవాలా అని ఒకరిద్దరు గట్టిగానే అడిగారు. సోములు వాళ్ళకేసి కాక జగన్నాధం కేసి తిరిగాడు.

"ఆళ్ళు నలబై ఏళ్ళు ఎండినారు బాబూ. మీరెవలూ సేసింది కాదు, నాను సేసినాను. మా అయ్య వొద్దన్నాడు, నాకు బోదపడనేదు. ఇప్పుడు బోదపడినాక కూడా సిమెంటు ఏస్తే, అది పొరపాటు కాదు, దొంగతనం."

జగన్నాధానికి డెబ్భై దాటాయి. తిట్టడానికి నోరు తెరిచాడనే అందరూ అనుకున్నారు. అతను ఆ రెండు రాళ్ళూ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఒరే సోములూ," అన్నాడు. "మా నాయనమ్మ ఏడు ఇడిసి ఏడు సోడంబలి కాసేది. ఎర్ర సోళ్ళు. ఆ సోళ్ళు ఆళ్ళవేనేటి?"

ఆళ్ళవే అన్నాడు సోములు. జగన్నాధం లేచి, ముందు ఆ నుయ్యి చూడాలన్నాడు. మూడు ట్రాక్టర్ల మీద ఊరు కదిలింది. దారంతా వాదించుకుంటూ వచ్చినవాళ్ళు గున్నమ్మ పెరట్లోకి రాగానే ఒక్కొక్కరే నూతిలోకి వంగి చూసి పక్కకి తప్పుకున్నారు. అంతమంది ఉన్నా ఊట దిగే చప్పుడు వినిపించింది. జగన్నాధం చెప్పులు విప్పి అవతల పెట్టి మరీ వంగాడు. లేచాక కళ్ళు తుడుచుకుని, తనకి ఏడుపొచ్చిందని ఎవరైనా అనుకుంటారేమోనని ఎండ మీద విసుక్కున్నాడు.

సిమెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఏడాది విడిచి ఏడాది అని రెండూళ్ళూ ఒప్పుకున్నాయి. గడకర్ర సోములు చేతికే తిరిగొచ్చింది. అతను మాత్రం ఒక్క పని చేయించాడు. మదుము రాతి మీద, పదకొండో మెట్టు పైన, శిల్పిని పిలిపించి చెక్కించాడు: ఒక ఏడు నీలంపేట వరికి, ఒక ఏడు రాళ్ళవలస నూతులకి. రేపు తనకీ మాట పడిపోతే ఎవరూ పొరపాటు పడకూడదని అన్నాడు.

ఆ చలికాలం రాళ్ళవలస చేలల్లో చాలా ఏళ్ళకి చోళ్ళు మొలిచాయి. ఉగాది తర్వాత మూడు ఇళ్ళ తాళాలు తీశారు.

జూన్ వచ్చింది. రాళ్ళవలస వంతు అయింది, ఈసారి నీలంపేట వరి వంతు. బందలో మడుగు కట్టింది. గొయ్యిని మళ్ళీ నల్లమట్టితో నింపారు, ఇక తొక్కించాలి. తీరా చూస్తే ఊళ్ళో ట్రాక్టర్లు పద్నాలుగు, గేదెలు నాలుగు. ట్రాక్టరు దింపితే బురదలో దిగబడిపోతుంది గానీ మట్టి మెత్తబడదు. నాలుగు గేదెలతో ఎన్ని రోజులు తొక్కిస్తారో తెలియక సోములు గట్టు మీద నిలబడి ఉన్నాడు.

మిట్ట మీద దుమ్ము లేచింది. రాళ్ళవలస గేదెలు వస్తున్నాయి. ముప్ఫై ఒకటి. ముందు గున్నమ్మ, భుజాన కర్ర, వెనక ఊళ్ళో మిగిలిన ఆడామగా. వాళ్ళ నూతిలోకి పోయే దారి మూయడానికి వాళ్ళ గేదెలని వాళ్ళే తోలుకొచ్చారు. పిలవాలని ఎవరికీ తట్టలేదు. జగన్నాధం పంచె ఎగగట్టి బురదలోకి దిగి మొదటి గేదె పగ్గం అందుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వచ్చేదాకా తిప్పారు. ముప్ఫై అయిదు గేదెలు, రెండూళ్ళ మనుషులు, ఒకే గుండ్రం. డెక్కలు బురదలో దబదబా పడుతుంటే సోములుకి తండ్రి అరచెయ్యి గుర్తొచ్చింది. అతను ఆగి ముఖం తుడుచుకున్నాడు, మళ్ళీ నడిచాడు. సాయంత్రం నీళ్ళ అంచున ఒక పుల్ల గుచ్చి ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున్న చూస్తే నీళ్ళు పుల్లని వదల్లేదు.

ఆ మాట చెప్పాలని రాళ్ళవలస వెళ్ళాడు. చెప్పడం కూడా కష్టంగానే ఉంది, బంద నిలిచిందంటే నుయ్యి దిగుతుందనే కదా. గున్నమ్మ నూతి దగ్గరే ఉంది. చేంతాడుకి మరో రెండు బారల తాడు కలిపి ముడి వేస్తోంది. ముడిని పళ్ళతో బిగించి, లాగి చూసి, అతనికేసి తిరిగింది.

"నిలబడినాయా బావ?"

నిలబడ్డాయన్నాడు.

"మంచిదే. ఈ ముడి వచ్చే ఏడు ఇప్పేస్తాను," అని బొక్కెన నూతిలోకి వదిలింది. సోములు ఒర మీద చెయ్యి ఆనించి, అది నీళ్ళు తాకే చప్పుడు వినిపించేదాకా నిలబడ్డాడు.